మిల్లు క్వార్టర్లు ఏరు దాటిన వైనం

మా ఆఫీసులో ఆయన్ని అసలు పేరుతో పిలిచేది హాజరు పట్టీ ఒక్కటే. ప్రమోషన్ల జాబితా కూడా పిలవాల్సిందే గాని, ముప్పై ఒక్క ఏళ్ళలో దానికి ఆ పేరు నోరు తిరగలేదు. మిగతా అందరికీ ఆయన స్కేలు. పై అధికారులకు ఉత్త స్కేలు, మాకు స్కేలు గారు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో ఎవరో పందెం వేస్తే, బల్లంత పొడవు కాగితం మీద ఈ చివరి నుంచి ఆ చివరికి ఉత్త చేత్తో గీత గీశాడట. పక్కన స్కేలు పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదట. ఆ రోజు పందెం గెలిచినందుకు వచ్చిన బహుమతి ఆ పేరే.

నేను ఆ సర్వే ఆఫీసులో టైపిస్టుని. పటాల విభాగానికీ నా మిషనుకీ మధ్య భుజాలెత్తు చెక్క అడ్డు ఒకటి ఉండేది. అటు ఎవరు దగ్గినా ఇటు నాకు తెలిసేది. డ్రాఫ్ట్స్‌మన్లు తప్పు గీస్తే బ్లేడుతో ఆ సిరాని గోకి తీస్తారు. మిగతా బల్లల దగ్గర రోజంతా గోకుడు చప్పుడే. స్కేలు గారి బల్ల దగ్గర నెలకి ఒకసారి వినపడితే గొప్ప.

ఆయనకి రెండు పట్టుదలలుండేవి. గీత వంకర పోకూడదన్నది ఒకటి. చీటీ లేకుండా కలం ఎత్తకపోవడం రెండోది. పటం మీద ఏ మార్పు చెయ్యాలన్నా, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎవరు చెప్పారు అన్నది రాసి సంతకం పెట్టిన చీటీ ఆయన చేతిలో పడాలి. దానికి నంబరు వేసి బల్ల సొరుగులో ఉన్న రేకు డబ్బాలో పెట్టుకునేవాడు. చీటీ ఎందుకయ్యా, నోటితో చెప్తున్నాం కదా అని ఎంత పెద్ద అధికారి విసుక్కున్నా, నోటి మాటకి సిరా అంటదండీ అని నెమ్మదిగా చెప్పి చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఈ రెండూ తప్పితే ఆయనకి ప్రపంచంతో ఏ పేచీ లేదు. గీత దేన్ని కలుపుతోంది, దేన్ని విడదీస్తోంది అన్నది తన పని కాదనుకునేవాడు. పోస్టుమాన్ ఉత్తరాలు చదువుకుంటూ కూర్చుంటాడా అని నన్నే ఎదురు అడిగాడొకసారి. అప్పుడు నేనూ ఏది ఇస్తే అది టైపు కొట్టేదాన్నే.

ఆయన కాపురం మిల్లు క్వార్టర్లలో. ఏటికి ఇవతల, రైలు కట్ట పక్కన, వరసకి నలభై చొప్పున అతికించినట్టుండే పదకొండు వందల ఇళ్ళు. మామగారు ఆ మిల్లులో నేతపని చేసినవాడు. మిల్లు మూతపడ్డాక ఇల్లు కూతురికి మిగిలింది. ఆవిడ ముందుగదిలో కుట్టు మిషను వేసుకుని బడి యూనిఫారాలు, ప్యాంట్లు, కర్టెన్లు కుట్టేది. దుకాణం బోర్డు మీద అక్షరాలు స్కేలు గారు రాసినవే. ఎంత నిక్కచ్చిగా ఉండేవంటే, ఏదో గవర్నమెంటు కార్యాలయం అనుకుని అర్జీలు పట్టుకొచ్చినవాళ్ళున్నారు. ఆవిడ్ని అందరూ టైలరక్క అనేవారు, నేనూ అక్కా అనే పిలిచేదాన్ని. ఆ లెక్కన ఆయన నాకు బావగారు కావాలి గాని, ఆ మాట అంటే ఆయన చెవులు ఎర్రబడేవి, అందుకని మానేశాను.

ఇక మంత్రి గారి సంగతి. మిల్లు క్వార్టర్లు ఉన్నది పదిహేడో నంబరు నియోజకవర్గంలో, అది మంత్రి గారిది. మిల్లు మూతపడటానికీ, ఆ స్థలం చేతులు మారడానికీ సంతకం పెట్టిన మహానుభావుడు ఆయనే. అప్పట్నుంచి ప్రతి ఎన్నికలోనూ క్వార్టర్ల బడిలో పెట్టెలు విప్పితే ఆయనకి పడ్డ ఓట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ వేళ్ళెవరివో కూడా క్వార్టర్లలో అందరికీ తెలుసు. కిందటిసారి మంత్రి గారు మూడు వందల ఓట్లతో బతికి బయటపడ్డారు. ఆ రాత్రి ఊరేగింపు మిల్లు క్వార్టర్లని చుట్టి, దూరంగా వేరే దారిన పోయింది.

ఇలా ఉండగా జనాభా లెక్కలు పూర్తయ్యాయి, నియోజకవర్గాల హద్దులు కొత్తగా గీయడానికి ఒక సంఘం ఏర్పడింది. అందులో ముగ్గురు. అధ్యక్షుడు ఒక విశ్రాంత న్యాయమూర్తి, విశ్రాంతిని చాలా సీరియస్‌గా తీసుకున్న మనిషి. మిగతా ఇద్దరిలో ఒకరు పాలకపక్షం, ఒకరు ప్రతిపక్షం. బయట ఒకరి ముఖం ఒకరు చూసుకోని ఇద్దరూ లోపల తలుపు వేసుకుని కలిసి భోంచేసేవారు. కొట్టుకుంటారేమోనని మేమంతా ఎదురుచూశాం. వారం తిరక్కుండా వేరుపడే అన్నదమ్ముల్లా మర్యాదగా పంచుకున్నారు. నీ ఖాయం సీట్లు నీకు, నా ఖాయం సీట్లు నాకు, మధ్యలో తెలివిమీరిన జనం ఎక్కడుంటే అక్కడ ముక్కలు చేసి తలా కొంచెం. పదిహేడో నంబరుని మంత్రి గారికి మెత్తగా అమర్చి పెట్టడం ఆ పంపకంలో మొదటి షరతు.

గీసే పని మా ఆఫీసుకి వచ్చింది. అప్పటికే ఒక కంప్యూటరు వచ్చి ఏడాదయింది. పెట్టె విప్పలేదు. ఎవరు, ఏ రోజు, ఏ గీత జరిపారో అది గుర్తుపెట్టుకుంటుందని తెలిశాక మా డైరెక్టరుకి దాని మీద నమ్మకం పోయింది. సిరా అయితే మౌనంగా ఉంటుంది. అందుకని స్కేలు గారిని పిలిచి, గోప్యత పాటిస్తానని ప్రమాణం చేయించి, పని అప్పగించారు. చీఫ్ డ్రాఫ్ట్స్‌మన్ పోస్టు ఖాళీగా ఉందన్న మాట కూడా ఆయన చెవిన పడేలా అన్నారు.

చీటీలు మొదలయ్యాయి. టైపు చేసేది నేనే కాబట్టి నాకు అన్నీ గుర్తే. పదకొండో చీటీతో ఒక కోళ్ళ ఫారం ఒక నియోజకవర్గం నుంచి ఇంకోదానికి వెళ్ళింది. అందులో ఓటర్లు ఇద్దరు, కోళ్ళు నాలుగు వేలు. పంతొమ్మిదో చీటీ తర్వాత తొమ్మిదో నంబరు నియోజకవర్గం తోకతో సహా గోడ మీది బల్లిలా తయారయింది. మరొకటి తెగిన చెప్పులా, ఇంకొకటి ఆవులిస్తున్న మనిషిలా వచ్చాయి. ఆఫీసులో మేమంతా నంబర్లు మానేసి బల్లి, చెప్పు, ఆవులింత అనే పిలుచుకునేవాళ్ళం. స్కేలు గారు మాత్రం నవ్వేవాడు కాదు. బల్లి తోక వంపు ఎంత సాఫీగా వచ్చిందో చూడమని ట్రేసింగ్ కాగితం వెలుతురుకి ఎత్తి పట్టేవాడు.

ఇరవై ఆరో చీటీ మిల్లు క్వార్టర్లది. క్వార్టర్లను పదిహేడు నుంచి తీసి, ఏటికి అవతల ఉన్న ఇరవై రెండో నంబరులో కలపాలి. స్కేలు గారు చీటీ రెండుసార్లు చదివాడు. చట్టం ప్రకారం నియోజకవర్గమంతా ఒకే ముక్కగా ఉండాలి కదండీ, మధ్యలో ఏరుంది అని అడిగాడు. సమాధానం డైరెక్టరు దగ్గర సిద్ధంగా ఉంది. క్వార్టర్ల పక్క నుంచి రైలు కట్ట పోతుంది, అది వంతెన మీదుగా అవతలి ఒడ్డుకి చేరుతుంది. ఆ కట్టని, దాంతోపాటు వంతెననీ ఇరవై రెండులో కలిపేస్తే క్వార్టర్లు తాడు కట్టిన దూడలా అవతలి ఒడ్డుకి అతుక్కుని ఉంటాయి. పట్టాల మీద ఎవరూ కాపురం ఉండరు కాబట్టి అభ్యంతరం పెట్టేవాడూ ఉండడు.

స్కేలు గారికి బాధ వేరే దగ్గర వచ్చింది. ఆ కొలతలో రైలు కట్ట వెడల్పు కాగితం మీద అర మిల్లీమీటరు కూడా రాదు. రెండు వైపులా రెండు గీతలు గీస్తే కలిసిపోయి ఒకే గీతవుతాయి.

“మధ్యలో ఖాళీ కనపడాలి కదండీ” అన్నాడు.

“కనపడకపోయినా ఉందని చట్టం నమ్ముతుంది. మీరు గీయండి” అన్నాడు డైరెక్టరు.

గీశాడు. ఉన్న నిబ్బుల్లో అతి సన్నదాన్ని నూనెరాయి మీద ఇంకా సన్నగా నూరి, ఊపిరి బిగబట్టి, రెండు గీతల మధ్య కాగితం తెల్లగా కనపడేలా గీశాడు. ఆ రోజు అడ్డుకి అటువైపు నుంచి బ్లేడు చప్పుడు రెండుసార్లు వినపడింది. సాయంత్రం ఆ గీతలే తన జీవితంలో గీసినవాటిల్లోకెల్లా కష్టమైనవని నాతో అన్నాడు. ఆ మాటలో దిగులుందా గర్వముందా అని వెతికాను. ఎక్కువపాళ్ళు గర్వమే, అబద్ధం ఎందుకు చెప్పాలి. తన ఇంటిని, భార్య దుకాణాన్ని, పొద్దున్నే పలకరించే పదకొండు వందల ఇళ్ళని ఏటికి అవతల పారేసి, గీత చెదరలేదని సంతోషించిన మనిషాయన. ఇంటికెళ్ళి భోంచేసి పడుకున్నాడు. ప్రమాణం చేశాడు కాబట్టి ఇంట్లో చెప్పలేదు.

పదిహేను రోజులకి ముసాయిదా పటం పురపాలక కార్యాలయం గోడకి అంటించారు, పబ్లిక్ మరుగుదొడ్లకి పోయే దారిలో. అభ్యంతరాలకి వారం గడువు. టైలరక్క ఏదో లైసెన్సు పని మీద వెళ్ళి చూసింది. పటం కింద రాసిన అక్షరాలు ఆవిడకి తన దుకాణం బోర్డు మీద రోజూ కనపడేవే. ఇంటికొచ్చి ఆ పటం మీ చేతిదేనా అని ఒక్కటే అడిగిందట. ఔనన్నాడట. ఆవిడ ఇంకేం అడగకుండా మిషను మూసి, క్వార్టర్లలో ఇంటింటికీ తిరిగి రెండు వందల మంది చేత అభ్యంతర పత్రాలు రాయించింది.

విచారణ పనిదినాన పొద్దున పదకొండు గంటలకి, క్వార్టర్ల నుంచి గంటన్నర దూరంలో పెట్టారు. జనం రాకూడదని కాదట, హాలు ఖాళీగా దొరికింది అక్కడేనట. ముగ్గురు సభ్యులు ఎత్తు మీద కూర్చున్నారు. పటాన్ని చెక్క స్టాండుకి తగిలించి, వివరించడానికి స్కేలు గారిని మైకు దగ్గర నిలబెట్టారు. ఆయన గొంతు బాగుంటుందని డైరెక్టరు స్వయంగా ఎంపిక చేశాడు. రికార్డు రాసుకోవడానికి నేను పక్క బల్ల దగ్గర కూర్చున్నాను.

మొదట ఒకాయన తమ ఊరి పేరులో ఒత్తు తప్పు పడిందన్నాడు. అధ్యక్షుడు ఎంతో శ్రద్ధగా విని, దిద్దమని అప్పటికప్పుడే ఆదేశించారు. అలాంటివి ఇంకో రెండు అయ్యాక టైలరక్క లేచింది. దుకాణం నుంచి నేరుగా వచ్చినట్టుంది, మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది.

“నేను టైలర్ని అండీ. ఒంటి కొలత తీసుకున్నాకే గుడ్డ కత్తిరిస్తాను. ఈ ముక్క మా కొలతకి కత్తిరించింది కాదు. ఎవరి కొలతకి కత్తిరించారో కనుక్కుందామని వచ్చాను” అంది.

అధ్యక్షుడు కళ్ళు తెరిచి, జనాభా, నదులు, రహదారులు, ప్రజల సౌకర్యం, అన్నీ చూసే నిర్ణయించామని చెప్పారు.

“అవతలి శాసనసభ్యుడి ఆఫీసుకి మేం రెండు బస్సులు మారాలండీ. పట్టాల మీద నడిచిపోతే మాత్రం దగ్గరే. పటంలో మాకు ఇచ్చిన దారి అదే కదా.”

హాల్లో నవ్వులు లేచాయి. అధ్యక్షుడు సాంకేతిక విషయాలు సిబ్బంది చెప్తారని చేయి చూపించారు. వాళ్ళిద్దరూ ఆలుమగలని మా ఆఫీసు వాళ్ళకి తప్ప ఆ హాల్లో ఎవరికీ తెలీదు. టైలరక్క ఆయన వైపు తిరిగి, ముక్కూ మొహం తెలియని అధికారిని అడిగినట్టు అడిగింది.

“ఆఫీసరు గారూ, ఈ గీత మీకు తోచి గీశారా, ఎవరైనా చెప్తే గీశారా?”

“నిబంధనల ప్రకారం గీశామండీ” అన్నాడు స్కేలు గారు.

“ఆ క్వార్టర్లలో ఎవరుంటారో గీసేటప్పుడు గుర్తొచ్చిందా?”

ఆయన మైకుకి ఇంకొంచెం దగ్గరగా జరిగాడు. తర్వాత, నేను రికార్డులో రాసుకున్న మాట ఇది:

“పటంలో ఇళ్ళుంటాయండీ. మనుషులుండరు.”

ఆవిడ కూర్చుంది. అభ్యంతరం నమోదు చేసుకున్నామని అధ్యక్షుడు ప్రకటించారు. మొత్తం మీద రాష్ట్రమంతటా వచ్చిన అభ్యంతరాలు నాలుగు వందల పన్నెండు. ఆమోదించినవి మూడు. మూడూ అక్షరదోషాలే.

తర్వాత వారం నేను కర్టెన్ గుడ్డ పట్టుకుని దుకాణానికి వెళ్ళాను, నిజానికి సంగతి కనుక్కోవడానికే. ఇంట్లో గొడవేమైనా అయిందా అక్కా అని అడిగితే ఆవిడ దారం కొరికి, “మనుషులుండరన్నారుగా చెల్లీ. లేని మనిషి ఏం గొడవ పడుతుంది” అంది. అన్నం పెడుతోందట, బట్టలు ఉతుకుతోందట, ఒక్క మాట మాత్రం మాట్లాడటం లేదట. స్కేలు గారు ఆఫీసుకి గంట ముందే వచ్చి కూర్చోవడం అప్పట్నుంచే మొదలయింది.

తుది పటం అచ్చుకి వెళ్ళే రోజు వచ్చింది. మధ్యాహ్నం మూడు గంటలు. ప్రెస్సు వ్యాను గేటు దగ్గర నిలబడి ఉంది. మంత్రి గారి పీఏ నుంచి ఫోను. రైలు కట్టకి ఆనుకుని ఈమధ్య ఆరు పెద్ద టవర్లు లేచాయి, అందులో అంతా ఉద్యోగస్థులు. వాళ్ళు లిఫ్టు ఆగినా మంత్రినే తిడుతున్నారని తాజా సర్వేలో తేలిందట. రైలు కట్ట నుంచి కాలువ దాకా మొత్తం తీసేసి ఇరవై రెండుకి తగిలించమని ఆజ్ఞ. కట్ట ఎలాగూ ఇరవై రెండులోనే ఉంది కాబట్టి తగిలించడం తేలిక. ఇది గోడకి అంటించరు, విచారణ ఉండదు. ఎవరైనా అడ్డుపడేలోపు అచ్చయిపోవాలి.

మా దగ్గరున్న మూల పటం మూడేళ్ళ నాటిది. అందులో టవర్లకీ కాలువకీ మధ్య ఖాళీ స్థలం చూపించి ఉంది. ఇప్పుడక్కడ ఖాళీ లేదు. పాలరాతి మెట్లు, నిలువెత్తు గేటు, గేటు దగ్గర పోలీసు, లోపల రెండు కుక్కలు. మంత్రి గారు నాలుగు నెలల కింద గృహప్రవేశం చేసిన కొత్త ఇల్లది. డైరెక్టరు అటు ఎప్పుడూ పోలేదు. పీఏ రోజూ వెళ్తాడు గాని కారెక్కగానే నిద్రపోతాడు, ఇల్లు కాలువకి ఏ ఒడ్డున ఉందో అతనికి తెలిసే అవకాశం లేదు. స్కేలు గారు మాత్రం రోజూ సైకిల్ మీద ఆ గేటు ముందు నుంచే ఆఫీసుకి వస్తాడు.

“సార్, ఆ కాలువ పక్కన ఈమధ్య కొత్తగా...” అన్నాడు.

“కొత్తవీ పాతవీ చూడ్డానికి సంఘం ఉంది. మీ పని గీయడం” అన్నాడు డైరెక్టరు.

అడ్డుకి ఇటు నేను మిషను ఆపేసి కూర్చున్నాను. ఆయన ఇంకోసారి నోరు తెరిస్తే ముగిసిపోయేది. కాని పై అధికారికి ఒక మాట రెండోసారి చెప్పడం ఆయన ముప్పై ఒక్క ఏళ్ళలో ఎన్నడూ చేయలేదు. ఆ రోజూ చేయలేదు. చీటీ ఇప్పించండి అన్నాడు. వ్యాను హారను కొడుతోంది. డైరెక్టరు తిట్టుకుంటూ తన చేత్తోనే రాశాడు: రైలు కట్ట నుంచి కాలువ వరకు, మంత్రి గారి పీఏ ఫోను మేరకు. సంతకం, తేదీ. నలభై మూడో చీటీ. పాతిక నిమిషాల్లో పని అయింది, బ్లేడు అవసరం రాలేదు.

గెజెట్ వచ్చింది. ఆ పటాన్ని ఏ కోర్టూ ప్రశ్నించకూడదని, వచ్చే జనాభా లెక్కల దాకా సంఘం కూడా అందులో చుక్క మార్చకూడదని చట్టం ఉంది. ప్రతిపక్షం పేచీలు పెట్టకుండా ఆ చట్టం తెచ్చి, సభలో గంటసేపు ప్రజాస్వామ్యం గురించి మాట్లాడింది మన మంత్రి గారే.

ఆరు వారాలకి కొత్త ఓటర్ల చీటీలు ఇంటింటికీ పంచారు. పాలరాతి మెట్ల మీద మంత్రి గారి భార్య చీటీ చదివి, ఎవరిదో పొరపాటున వచ్చిందనుకుని పోలీసు చేతిలో పెట్టిందట. అతను చదివి, కాదమ్మా, మీదే అన్నాడట. నియోజకవర్గం ఇరవై రెండు. పోలింగు కేంద్రం, మిల్లు క్వార్టర్ల బడి.

పదిహేడులో పోటీ చేయాలంటే పదిహేడులో ఓటరై ఉండాలి. కొత్తగా ఓటరు కావాలంటే ఆరు నెలలు అక్కడ కాపురం ఉన్నట్టు రుజువు కావాలి. ఎన్నికలు నాలుగు నెలల్లో ఉన్నాయి. ఎక్కడ ఓటరో అక్కడే నిలబడాలన్న నిబంధనా, ఈ ఆరు నెలల నిబంధనా, పక్క జిల్లా నుంచి బలమైన ప్రత్యర్థి ఎవరో దిగబడతాడని భయపడి, పోయినసారి మంత్రి గారే పెట్టించారు. ఇరవై రెండులో నిలబడదామా అంటే అది పంపకంలో ప్రతిపక్షానికి వెళ్ళిన ఖాయం సీటు. పైగా మిల్లు క్వార్టర్లూ ఆరు టవర్లూ ఇప్పుడు అందులోనే ఉన్నాయి, తనే దగ్గరుండి చేర్పించాడు.

మంత్రి గారు డైరెక్టరు మీద పడ్డారు, డైరెక్టరు స్కేలు గారి మీద పడ్డాడు. కావాలని కుట్ర చేశాడని సస్పెండు చేశారు. రిటైర్మెంటుకి మూడు నెలలుంది. విచారణాధికారి వచ్చాడు. స్కేలు గారు రేకు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. నలభై మూడు చీటీలు వరసగా, తేదీలతో, సంతకాలతో. విచారణాధికారి తెలివైనవాడు. పది చీటీలు చదివి డబ్బా మూత పెట్టి, మంచినీళ్ళు అడిగాడు. ఈ డబ్బా గురించి బయట ఎవరికైనా చెప్పారా అని అడిగాడు. లేదండీ, ప్రమాణం చేశాను కదా అన్నాడు స్కేలు గారు.

తప్పంతా మూల పటానిదని తేల్చారు. మూడేళ్ళ కింద దాన్ని తయారుచేసిన సర్వేయరు అప్పటికే కాలం చేశాడు కాబట్టి సంజాయిషీ అడగలేదు. డైరెక్టరుని ప్రమోషన్ ఇచ్చి వేరే శాఖకి పంపారు. స్కేలు గారిని రిటైర్మెంటుకి వారం ముందు మళ్ళీ ఉద్యోగంలో చేర్చుకున్నారు. ఆ వారం ఆయనకి పనేమీ ఇవ్వలేదు. కలాలన్నీ కడిగి, తుడిచి, అప్పగించి వచ్చేశాడు. చీఫ్ డ్రాఫ్ట్స్‌మన్ పోస్టు ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

మంత్రి గారికి ఒకటే దారి మిగిలింది. పదిహేడులో కాపురముంటున్న బావమరిదిని నిలబెట్టారు. అప్పటిదాకా ఆ బావమరిది బావగారి చెప్పులు ఎక్కడున్నాయో చూడటం తప్ప ఇంకో పని చేసి ఎరగడు. గెలిచాక ఆరు నెలలకి రాజీనామా చేస్తాడని, ఈలోగా బావగారు పదిహేడులో ఇల్లు అద్దెకి తీసుకుని ఉంటారని ఇంట్లో మాట అనుకున్నారు.

పోలింగు రోజు నేను క్వార్టర్ల బడికి వెళ్ళాను. నా డ్యూటీ అక్కడే పడింది. పది గంటలకి మంత్రి గారి కారు ఇరుకు సందులో పట్టక, ఆయన భార్యతో సహా నడిచి వచ్చారు. పోలింగు అధికారి లేచి ముందుకు రమ్మనబోయాడు. వరసలో ఉన్న ముసలి నేతగాళ్ళు ఎవరూ అంగుళం జరగలేదు. మంత్రి గారు చివర నిలబడ్డారు. ఆయన ముందు టైలరక్క, ఆవిడ ముందు స్కేలు గారు. ఎండ నెత్తికెక్కింది. గంట గడిచాక మంత్రి గారు చుట్టూ చూసి, ఇంతమంది పిల్లలు చదివే బడిలో ఒక్క కుళాయి కూడా లేదేమిటని విసుక్కున్నారు.

టైలరక్క వెనక్కి తిరిగింది.

“నాలుగు అర్జీలు పెట్టాం అయ్యా. నాలుగూ మీ ఆఫీసులోనే ఇచ్చాం.”

“ఎప్పుడమ్మా?”

“మేం మీ వాళ్ళంగా ఉన్నన్నాళ్ళూ.”

ఆయన భార్య తన సీసాలోంచి ఆయనకి నీళ్ళిచ్చింది.

పదిహేడులో బావమరిది పద్దెనిమిది వేల మెజారిటీతో గెలిచాడు. పటం అంత బాగా కుదిరింది మరి. ఎవరిని తెచ్చి కూర్చోబెట్టినా గెలిచే సీటది. ఆ సంగతి బావమరిదికి కూడా అర్థమయింది. ఆరు నెలలు గడిచాయి, ఏడాది గడిచింది. బావగారి ఆరోగ్యం దృష్ట్యా ఆయన విశ్రాంతి తీసుకోవడమే కుటుంబానికి మంచిదని ప్రెస్సు వాళ్ళకి చెప్పాడు. ఇప్పుడు చెప్పులు ఎవరు వెతుకుతున్నారో నాకు తెలీదు.

క్వార్టర్ల వాళ్ళకి ఒరిగింది మాత్రం ఏమీ లేదు. ఇరవై రెండులో ఎప్పట్లాగే అవతలి పక్షం మనిషి గెలిచాడు. టైలరక్క ఆరుగురు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని రెండు బస్సులు మారి వెళ్ళి కుళాయి గురించి అడిగితే, మిల్లు క్వార్టర్లు మా కిందికి ఎప్పుడొచ్చాయి అని ఆశ్చర్యపోయాడట. పటాల పుస్తకం తెప్పించి వెతికించాడట. భూతద్దం పెట్టి చూస్తే గాని ఆ రైలు కట్ట తోక కనపడలేదట.

ఆవిడ ఆ కబురు చెప్తున్నప్పుడు నేను దుకాణంలోనే ఉన్నాను. స్కేలు గారు గోడవారగా స్టూలు మీద కూర్చుని బొత్తాలు రంగుల వారీగా వేరు చేస్తున్నాడు. ఎన్నాళ్ళనుంచో అడగాలనుకున్నది అప్పుడు అడిగేశాను. ఆ నలభై మూడో చీటీ, తెలిసే గీశారా అన్నాను.

“అడిగితే చెప్పేవాణ్ణి” అన్నాడు.

ఆయన గొంతులో పాత గర్వం కొంచెం ఉంది. టైలరక్క మిషను తొక్కడం ఆపింది.

“ఇరవై ఆరో చీటీ వచ్చిన రోజు మీరు కూడా మమ్మల్ని అడగలేదు” అంది.

విచారణ హాలు తర్వాత ఆ సంగతి ఆవిడ ఎత్తడం అదే మొదటిసారి. స్కేలు గారు చేతిలో ఉన్న బొత్తం కింద పెట్టాడు. నిబంధనల మాట ఎత్తలేదు. లేదు, అడగలేదు అన్నాడు. అడిగి ఉండాల్సింది అని కూడా అన్నాడు, ఆ రెండో మాట మాకు వినపడిందో లేదోనని మళ్ళీ ఒకసారి అన్నాడు. కాసేపటికి మిషను మళ్ళీ కదిలింది.

తర్వాతి మంగళవారం ఇద్దరూ కలిసి అవతలి ఒడ్డుకి వెళ్ళారు. కుళాయి అర్జీ ఆయన తన చేత్తో రాశాడు, క్వార్టర్ల పటం కూడా ఒకటి జతచేశాడు. అందులో ఒక్కో ఇంటి మీద ఆ ఇంట్లో ఎంతమంది ఉంటారో చిన్న అంకెల్లో వేశాడు. ఆ లెక్క కోసం నాలుగు రోజులు తలుపులు తట్టాడట. అక్కడి శాసనసభ్యుడు ఊళ్ళో లేడు. రెండో వారం మీటింగులో ఉన్నాడు. మూడో వారం చూస్తానన్నాడు. ఇప్పటికి ఏడుసార్లు వెళ్ళొచ్చారు. కుళాయి ఇంకా రాలేదు గాని, మొదటి బస్సు కండక్టరు వాళ్ళిద్దర్నీ బాగా గుర్తుపట్టాడట. అడక్కుండానే రెండో బస్సు దొరికే మలుపులో ఆపి, నెమ్మదిగా దిగమంటున్నాడట.